ఉన్న రికార్డును మళ్ళీ కొట్టకండి

మీ కాలేజీ లైబ్రరీలో కోహా సాఫ్ట్‌వేర్ పెట్టారు. న్యాక్ బృందం వచ్చేలోగా పుస్తకాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిపోవాలని ప్రిన్సిపాల్ గారు చెప్పేశారు. బీరువాల నిండా అయిదు వేల పుస్తకాలు. చేతికింద ఒక అటెండరు. మొదటి పుస్తకం తీసి పేరు, రచయిత, ప్రచురణకర్త, పేజీలు, సైజు, విషయం అంటూ ఒక్కో గడీ నింపేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ లెక్కన అయిదు వేల పుస్తకాలకు యాభై వేల నిమిషాలు. రోజుకు ఆరు గంటలు కుర్చీలోంచి లేవకుండా కొట్టినా 139 రోజులు. మరి ఆ 139 రోజులూ ఇష్యూ కౌంటరు ఎవరు చూస్తారు? పుస్తకం కోసం వచ్చిన పిల్లలకు ఎవరు సమాధానం చెబుతారు?

కంగారు పడకండి. మీ బీరువాల్లో ఉన్న పుస్తకాల్లో చాలావాటి వివరాలను ఎక్కడో ఒక లైబ్రేరియన్ ఇప్పటికే శ్రద్ధగా రాసి పెట్టారు. వాటిని వెతికి తెచ్చుకోవడం, చేతిలోని పుస్తకంతో సరిచూసుకోవడం, మీ లైబ్రరీకి కావలసినవి చేర్చుకోవడం. మీ పని ఇంతే. దీన్నే కాపీ కేటలాగింగ్ అంటారు. చేయి తిరిగితే ఇంగ్లిష్ పుస్తకానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. తెలుగు పుస్తకానికి కాస్త ఎక్కువ పడుతుంది. అది ఎందుకో, ఏం చేయాలో ఈ అధ్యాయంలో వివరంగా చూద్దాం.

"ఇది కాపీ కొట్టడం కాదా?" అని మీకు అనిపిస్తోందా? లైబ్రరీ సైన్స్ చదివి, కేటలాగింగ్ ప్రాక్టికల్‌లో మార్కులు తెచ్చుకున్నవాళ్ళకు ఈ సంకోచం రావడం సహజమే. అయితే ఒక్క విషయం చూడండి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తాను తయారుచేసిన కేటలాగ్ కార్డులను అచ్చువేసి ఇతర లైబ్రరీలకు అమ్మడం 1901లోనే మొదలుపెట్టింది. 1960లలో అదే సంస్థలో హెన్రియెట్ ఆవ్‌రామ్ నాయకత్వంలో మార్క్ రూపం తయారైంది. ఒక లైబ్రరీ రాసిన రికార్డును మరో లైబ్రరీ కంప్యూటర్ చదవగలగాలన్నదే దాని ఉద్దేశం. 2017లో ఆ సంస్థ రెండున్నర కోట్ల రికార్డులను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చని బయటపెట్టింది. ఇలా పంచుకోవడం కోసమే పుట్టినదాన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు. ప్రతి పుస్తకాన్నీ మొదటినుంచి మీరే రాయాలనుకోవడం పాఠకులకు ఇవ్వాల్సిన సమయాన్ని వృథా చేయడమే అవుతుంది.

ఇక పనిలోకి దిగుదాం.

1. ముందు దారి తెరిచి పెట్టుకోండి

కోహాలో కేటలాగింగ్ పేజీకి వెళితే జెడ్ 39.50 అని ఒక బటన్ కనిపిస్తుంది. ఇతర లైబ్రరీల కేటలాగ్‌ను మీ తెర మీద నుంచే వెతికే పద్ధతి పేరు అది. ఏయే లైబ్రరీల్లో వెతకాలో అడ్మినిస్ట్రేషన్ భాగంలో సర్వర్ల జాబితాగా చేర్చుకోవాలి. కోహా పెట్టేటప్పుడే కొన్ని నమూనా సర్వర్లను తెచ్చుకునే వీలుంటుంది. మీకు కోహా పెట్టిన వ్యక్తి ఆ పని చేశారో లేదో అడగండి. లేకపోతే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో సర్వర్ వివరాలు ఉంటాయి. పాత నోట్సులోని చిరునామా కాకుండా అక్కడున్నదే తీసుకోండి.

అన్నీ సరిగ్గా పెట్టినా వెతికినప్పుడల్లా "కనెక్షన్ విఫలమైంది" అని వస్తోందా? సర్వర్‌ను తిట్టుకోకండి, మీ కాలేజీ నెట్‌వర్క్ చూసే వ్యక్తి దగ్గరికి వెళ్ళండి. ఈ వెతుకులాట సాధారణంగా 210 అనే పోర్టు గుండా నడుస్తుంది. చాలా కాలేజీల్లో ఫైర్‌వాల్ ఆ పోర్టును మూసేసి ఉంచుతుంది. "బయటికి వెళ్ళే 210 పోర్టు తెరవండి" అని ఒక్క వాక్యం రాసిస్తే సరిపోతుంది. తెరవడం కుదరదంటే ఎస్ఆర్‌యూ అనే మరో పద్ధతిలో వెతికే సౌకర్యం ఉన్న సర్వర్లను చేర్చుకోండి. అది సాధారణంగా మామూలు వెబ్ దారిలోనే వెళుతుంది.

కోహా లేనివాళ్ళు నిరాశపడనక్కర్లేదు. టెర్రీ రీస్ తయారుచేసిన మార్క్ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదే వెతుకులాట ఉంది. రికార్డులను ఫైలుగా దించుకుని, మీ సాఫ్ట్‌వేర్ మార్క్ ఫైలును తీసుకోగలిగితే అందులోకి ఎక్కించుకోవచ్చు.

2. ఐఎస్‌బీఎన్ ఉంటే దానితోనే మొదలుపెట్టండి

పేరుతో వెతికితే వంద ఫలితాలు రావచ్చు. ఐఎస్‌బీఎన్‌తో వెతికితే ఒకటో రెండో వస్తాయి. పుస్తకం వెనక అట్ట మీది బార్‌కోడ్‌లో ఉన్నది ఆ పదమూడు అంకెల నంబరే. ఇష్యూ కౌంటరులో వాడే స్కానర్‌తో దాన్ని నేరుగా వెతికే గడిలోకి చదివించవచ్చు. చేత్తో కొడితే మధ్యలో గీతలు, ఖాళీలు వద్దు.

2007 జనవరి 1కి ముందు వచ్చిన పుస్తకాల మీద సాధారణంగా పది అంకెల నంబరే ఉంటుంది. కొన్ని రికార్డుల్లో పది అంకెలది, కొన్నింట్లో పదమూడు అంకెలది ఉంటాయి. కాబట్టి ఒకదానితో దొరక్కపోతే రెండోదానితో వెతకండి. పది అంకెల నంబరు ముందు 978 తగిలిస్తే చాలనుకోకండి, చివరి అంకె కూడా మారుతుంది. దాన్ని లెక్కకట్టి ఇచ్చే సౌకర్యం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పది అంకెల నంబరు చివర ఎక్స్ అక్షరం ఉంటే అది అచ్చుతప్పు కాదు, వదిలేయకండి.

3. తెలుగు పుస్తకమా? మన స్పెల్లింగ్ మరిచిపోండి

చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే. "తెలుగు పుస్తకాలు ఎక్కడా దొరకవండీ" అంటారు. నిజంగా దొరకవా?

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు 1962 నుంచి ఢిల్లీలో కార్యాలయం ఉంది. భారతీయ భాషల పుస్తకాలను సేకరించి అమెరికా లైబ్రరీలకు చేరవేయడం దాని పని. మన తెలుగు నవలలు, కవిత్వం, విమర్శ అక్కడికి దశాబ్దాలుగా వెళుతూనే ఉన్నాయి, వాటికి రికార్డులూ తయారవుతున్నాయి. మీ బీరువాలో ఉన్న బుచ్చిబాబు, చలం, విశ్వనాథ అక్కడ కూడా ఉన్నారు. కాకపోతే వాటిలో చాలావాటిలో తెలుగు లిపి ఉండదు. తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక కచ్చితమైన పద్ధతిలో రాసి ఉంచారు. ఆ పద్ధతి మనం వాట్సాప్‌లో రాసుకునేది కాదు. అందుకే మనకు అలవాటైన స్పెల్లింగ్‌తో కొడితే ఏమీ రాదు.

"చివరకు మిగిలేది" వెతకాలనుకోండి. మన వేళ్ళు వెంటనే సీ, హెచ్ కొడతాయి. ఆ పద్ధతిలో చ అంటే సీ ఒక్కటే. ఛ అయితేనే సీ పక్కన హెచ్ వస్తుంది. కాబట్టి సీ-ఐ-వి-ఎ-ఆర్-ఎ-కె-యు అని కొట్టాలి. బుచ్చిబాబు పేరులో రెండు సీలు, హెచ్ అసలు లేదు. "కన్యాశుల్కం"లో శ కోసం ఎస్ పక్కన హెచ్ పెట్టకండి, ఎస్ ఒక్కటే. ష కూడా అంతే. వాటి కింద, పైన చుక్కలూ గీతలూ ఉంటాయి కానీ వెతికేటప్పుడు అవి అక్కర్లేదు.

త విషయంలో మనవాళ్ళ అలవాటు మరీ గట్టిది. సీత, గీత అని రాయాలంటే చివర టీ, హెచ్ రెండూ పెడతాం. అక్కడ త అంటే టీ ఒక్కటే. టీ, హెచ్ కలిపితే థ. "అసమర్థుని జీవయాత్ర"లో మనం చాలాసార్లు డీ, హెచ్ వేస్తాం. అక్కడ టీ, హెచ్ కావాలి. దీర్ఘాలకు రెండు ఏలు, రెండు ఈలు, రెండు ఓలు కొట్టకండి, ఒకటే చాలు. ఇక ఋత్వం చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. దానికి ఆర్ ఒక్కటే, పక్కన ఐ గానీ యు గానీ ఉండవు. అంటే "కృష్ణ" అన్న మాట కె-ఆర్-ఎస్-ఎన్-ఎ. కృష్ణశాస్త్రి పుస్తకం ఎన్నిసార్లు వెతికినా దొరకలేదని విసుగెత్తిన లైబ్రేరియన్ ఈ అయిదు అక్షరాలు కొట్టి చూడాలి.

సున్నా మాట చివర ఉంటే ఎమ్. మధ్యలో ఉంటే పక్కన వచ్చే అక్షరాన్ని బట్టి మారుతుంది. పలికి చూడండి, చాలావరకు తెలిసిపోతుంది. "చంద్ర"లో ఎన్, "సంపూర్ణ"లో ఎమ్.

ఇంకా దొరకలేదా? మాటల విడదీతను అనుమానించండి. "వేయిపడగలు" ఒకే మాటగానూ ఉండవచ్చు, రెండు మాటలుగానూ ఉండవచ్చు. రెండు రకాలుగా వెతకండి. పొడుగు పేర్లలో ఒక్క అరుదైన మాట చాలు, పేరంతా కొట్టనక్కర్లేదు. "కథలు", "వ్యాసాలు" లాంటి మాటలతో వెతికితే మాత్రం వచ్చే జాబితా చూసి నీరసపడతారు.

పైన చెప్పిన అక్షరాల పద్ధతిని ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి. కొన్నాళ్ళకు ఆ కాగితం అక్కర్లేకుండానే చేయి తిరుగుతుంది.

4. ఎక్కడెక్కడ వెతకాలి?

ఇంగ్లిష్ పుస్తకాలకు, పేరున్న తెలుగు రచనలకు ముందు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. మన దేశపు పాఠ్యపుస్తకాలకు, విశ్వవిద్యాలయాల ప్రచురణలకు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఇండ్‌క్యాట్. భారతీయ విశ్వవిద్యాలయాల లైబ్రరీల ఉమ్మడి కేటలాగ్ అది. మీ కాలేజీకి డెల్‌నెట్ సభ్యత్వం ఉంటే అక్కడ కూడా చూడండి. వరల్డ్‌క్యాట్‌లో పుస్తకం ఎక్కడుందో ఎవరైనా చూడవచ్చు, కానీ రికార్డు దించుకోవడానికి చందా కావాలి. అయినా ఉపయోగమే. ఏ లైబ్రరీలో ఉందో తెలిస్తే ఆ లైబ్రరీ సర్వర్‌ను మీ జాబితాలో చేర్చుకోవచ్చు.

5. దొరికిన మొదటి రికార్డునే దించేయకండి

ఈ ఒక్క సలహా పాటించినా ఈ అధ్యాయం చదివినందుకు ప్రయోజనం దక్కినట్టే.

ఒక డిగ్రీ కాలేజీని ఊహించుకోండి. ఎకనామిక్స్ పాఠ్యపుస్తకం ఆరో కూర్పు పదిహేను కాపీలు వచ్చాయి. లైబ్రేరియన్ పేరుతో వెతికారు, అయిదు ఫలితాలు వచ్చాయి, మొదటిది నొక్కి దించేశారు. అది నాలుగో కూర్పుది. పేజీలు వేరు, సంవత్సరం వేరు. పరీక్షల ముందు ఒక విద్యార్థి కేటలాగ్‌లో చూసి "మన దగ్గర కొత్త కూర్పు లేదు" అనుకుని వెళ్ళిపోయాడు. పదిహేను కాపీలు బీరువాలోనే ఉన్నాయి. పుస్తకం ఉన్నా లేనట్టే అయింది కదా?

పుస్తకం చేతిలో పట్టుకుని, రికార్డును ముందే తెరిచి చూసే బటన్ నొక్కి ఈ నాలుగూ సరిపోల్చండి. మార్క్ రికార్డులో 245వ గడిలో పేరు. 250లో కూర్పు. 260 లేదా 264లో ప్రచురణకర్త, సంవత్సరం. 300లో పేజీలు. నాలుగూ కలిస్తే దించుకోండి. కూర్పు కలవకపోతే మరో రికార్డు చూడండి. ఉన్నవాటిలో దగ్గరిది పాత కూర్పుదే అయితే దాన్ని దించుకుని ఆ నాలుగు గడులూ, ఐఎస్‌బీఎన్ మార్చుకోండి. అలా చేసినా మొదటినుంచి కొట్టడం కంటే ఎంతో నయం.

300 గడి దగ్గర ఒక్క క్షణం ఆగండి. "ఆన్‌లైన్ రిసోర్స్" అని ఉంటే అది ఈ-బుక్ రికార్డు. అచ్చు పుస్తకానికి దాన్ని తగిలిస్తే పాఠకుడు లింకు కోసం వెతుక్కుంటాడు. పేజీల సంఖ్య లేకుండా ఉత్త "పేజీలు, సెంటీమీటర్లు" అనే మాటలే ఉంటే పుస్తకం అచ్చు కాకముందే తయారైన రికార్డు అన్నమాట. దించుకోవచ్చు, కానీ పేజీలు, ఎత్తు మీరే నింపాలి. పేరు కూడా ఒకసారి చూసుకోండి, అచ్చయ్యేలోగా మారి ఉండవచ్చు.

ఐఎస్‌బీఎన్ కలిసింది కదా అని ధీమా పడకండి. ఒకే నంబరును రెండు పుస్తకాలకు వేసిన ప్రచురణకర్తలూ ఉన్నారు. సంపుటాల సెట్‌కు ఒకే నంబరు వేసినవాళ్ళూ ఉన్నారు.

6. దించిన వెంటనే శుభ్రం చేయండి

వేరే లైబ్రరీ రికార్డుతో పాటు వాళ్ళ సొంత గుర్తులూ వస్తాయి. 852లో వాళ్ళ బీరువా వివరాలు, 590లో వాళ్ళ కాపీ గురించిన నోటు, 9తో మొదలయ్యే గడుల్లో వాళ్ళ లోపలి లెక్కలు, 856లో వాళ్ళ సభ్యులకే తెరుచుకునే లింకులు. ఇవి తీసేయండి. 040 గడిని మాత్రం ఉంచండి, రికార్డును ఎవరు తయారుచేశారో చెప్పేది అదే.

తర్వాత మీ డ్యూయీ వర్గీకరణ (డీడీసీ) నంబరు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన వర్గీకరణ నంబరును 050లో ఇస్తుంది. చాలా తెలుగు పుస్తకాలకు 082లో డ్యూయీ నంబరు ఉండకపోవచ్చు. డ్యూయీలో తెలుగు సాహిత్యం 894.827. కవిత్వమైతే చివర 1, నాటకమైతే 2, కథలూ నవలలూ అయితే 3 చేర్చండి. చివరగా ఐటమ్ వివరాల్లో మీ యాక్సెషన్ నంబరు, ధర, బార్‌కోడ్. ఇవి ఎక్కడినుంచీ రావు, మీరే నింపాలి.

రచయిత పేరు దగ్గర ఓపిక పట్టండి. ఒక రికార్డులో చలం అని, మరో రికార్డులో గుడిపాటి వెంకటచలం అని వస్తే ఆయన పుస్తకాలు కేటలాగ్‌లో రెండు ముక్కలవుతాయి. ఏదో ఒక రూపం నిర్ణయించుకుని, అన్నింట్లోనూ అదే ఉంచండి. రెండో రూపంతో వెతికినా దొరికేలా అథారిటీ రికార్డులో రాసుకోండి.

7. తెలుగు పుస్తకానికి తెలుగు లిపి ఇవ్వండి

చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లిష్ అక్షరాల పేరు మీ పాఠకుడికి ఏం ఉపయోగం? అతను ఫోన్‌లో తెలుగులో కొట్టి వెతుకుతాడు. కాబట్టి దించుకున్నాక 245లో పుస్తకం పేరును తెలుగు లిపిలో రాయండి, ఇంగ్లిష్ అక్షరాల రూపాన్ని 246కు మార్చండి. ఇంగ్లిష్ రూపాన్ని 245లోనే ఉంచి తెలుగును 880లో పెట్టే పద్ధతీ ఉంది, అది కూడా నియమాలకు లోబడినదే. పాఠకులందరూ తెలుగువాళ్ళే అయిన లైబ్రరీకి మొదటిదే మంచిదని నా అభిప్రాయం.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. యూనికోడ్‌లోనే కొట్టండి. డీటీపీ సెంటర్ నుంచి తెచ్చిన అను ఫాంట్ల జాబితాను అలాగే అతికిస్తే తెర మీద పిచ్చి అక్షరాలు వస్తాయి. ఆ ఫాంటు వేసి చూస్తే సరిగ్గా కనబడినా, ఎవరు వెతికినా దొరకదు. అలాంటి జాబితా ఉంటే ముందు యూనికోడ్‌కు మార్చుకుని, ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకుని అప్పుడు వాడండి.

దించిన రికార్డులో అక్షరాల మధ్య పెట్టెలు, ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నాయా? సర్వర్ వివరాల్లో ఎన్‌కోడింగ్ అనే చోట యూటీఎఫ్-8 ఉంటే మార్క్-8కు, మార్క్-8 ఉంటే యూటీఎఫ్-8కు మార్చి మళ్ళీ వెతకండి. ఎక్కువసార్లు అక్కడే సరిపోతుంది.

విషయ శీర్షికలు ఇంగ్లిష్‌లో వస్తాయి, ఉండనివ్వండి. 653లో మీ పాఠకులు వాడే తెలుగు మాటలు రెండు మూడు చేర్చండి. "రైతు సమస్యలు", "తెలంగాణ సాయుధ పోరాటం" అని వెతికేవాళ్ళకు అవే దారి చూపుతాయి.

8. గుత్తగా దించాలంటే చిన్నగా మొదలుపెట్టండి

వందల ఐఎస్‌బీఎన్‌లను ఒక జాబితాగా చేసి మార్క్ఎడిట్‌తో ఒకేసారి వెతకవచ్చు. వచ్చిన ఫైలును కోహాలో ముందు స్టేజ్ చేసి, తర్వాత ఇంపోర్ట్ చేయాలి. స్టేజ్ చేసేటప్పుడు ఐఎస్‌బీఎన్‌తో పోల్చే నియమం ఎంచుకోవడం మరవకండి. లేకపోతే ఇప్పటికే ఉన్న పుస్తకాలకు రెండో రికార్డు పుడుతుంది. మొదటిసారి ఇరవై రికార్డులతో చేసి చూడండి. తప్పు జరిగితే ఇంపోర్ట్‌ను వెనక్కి తీసుకునే సౌకర్యం కోహాలో ఉంది, భయం అక్కర్లేదు. అయినా ముందురోజు బ్యాకప్ తీసి పెట్టుకుంటే రాత్రి నిద్ర పడుతుంది.

ఎంత వెతికినా కొన్ని పుస్తకాలు దొరకవు. జిల్లా కవుల సంకలనాలు, స్థానిక చరిత్రలు, రచయితే సొంతంగా అచ్చు వేయించుకున్న పుస్తకాలు అలాంటివి. మిగిలిన సమయమంతా వాటికి ఇవ్వండి. మీ చదువు, మీ నైపుణ్యం నిజంగా అవసరమయ్యేది వాటికే. మీరు రాయకపోతే వాటికి రికార్డు ఇంకెవరూ రాయకపోవచ్చు.

రాసినవాటిని మీ కంప్యూటర్‌లోనే ఉంచుకోకండి. కోహాలో డేటా ఎక్స్‌పోర్ట్ చేసే చోట ఐటమ్ వివరాలు వద్దని టిక్కు పెట్టి, తెలుగు రికార్డులను ఒక మార్క్ ఫైలుగా తీయండి. పక్క ఊరి కాలేజీ లైబ్రేరియన్‌కు, మీ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఈ వారమే పంపండి. వాళ్ళు తయారుచేసినవి మీకు పంపమని అడగండి.